కెమెరాకి పెట్టిన బొట్టు

పోయినవి ముందు చెబుతాను. ఒక కాలు, ఎడమది, మోకాలి కింద నుంచి. ఒక మనిషి పని. లారీల వెనక రోజంతా వినిపించే "రానీ, రానీ" అనే కేక. ఒక ఆడమనిషి అమ్మవారి ముఖంలోకి భయం లేకుండా చూసే చూపు. చివరికి ఆ కాలు పోయిన మనిషే. నీవేం పోయాయని మీరు అడుగుతారు. నావి ఏమీ పోలేదు. జీతం పెరిగింది, కుర్చీ మారింది. నా వరుసలో కూడా ఏదో ఒకటి రాసుకుందామని ఏళ్ళ తరబడి వెతికాను. పోనీ నిద్ర పోయిందని రాద్దామంటే అదీ అబద్ధమే. బాగానే నిద్రపడుతోంది. మోస్తున్న బరువంటే నాకు అదే. ఇంత చేసినవాడికి నిద్ర ఎలా పడుతోంది?

ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. దీన్ని ధైర్యం అనుకోకండి.

మా నాన్న గోదావరి వైపు మనిషి. విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో పనికోసం వచ్చి గాజువాకలో ఉండిపోయాడు. నేను ఇంటర్ తప్పాను. లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో. తొంభైల్లో పోర్టు దగ్గర ఒక ప్రైవేటు బొగ్గు యార్డులో గుమాస్తాగా చేరాను. లోపలికొచ్చిన ప్రతి లారీకీ ఒక నిలువు గీత. నాలుగయ్యాక అడ్డంగా ఐదోది. ఏళ్ళ తరబడి అదే పని. నా గీతల్లో తప్పు రాదని యార్డంతా అనుకునేది. నేనూ అనుకునేవాణ్ణి. ఈ గర్వం సంగతి గుర్తుంచుకోండి. జరిగినదంతా దాన్ని కాపాడుకోబోయే జరిగింది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి యార్డులో కొత్త కెమెరాలు పెట్టారు. పాతవి ఊరికే బొమ్మ చూపించేవి. చూడటానికి ఒక మనిషి కూర్చోవాలి. వీటి బొమ్మని కంప్యూటరే చూసేది. కదిలేది లారీ అయితే దాని చుట్టూ ఆకుపచ్చ గీతలతో చట్రం వేసేది, మనిషైతే ఎర్ర చట్రం. ఎవరు ఏ హద్దు దాటారో లెక్కపెట్టి, షిఫ్టు అయ్యాక కాగితం మీద అచ్చు వేసేది. లారీలు ఇన్ని, మనుషులు ఇందరు. నా పని అదే చేసేస్తుంటే నన్ను ఇంటికి పంపేస్తారని భయం పట్టుకుంది. కెమెరాలు పెట్టడానికి హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజినీరు వెనకాలే తిరిగాను. అతను వదిలి వెళ్ళిన పుస్తకాన్ని, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో మాటా వెతుక్కుంటూ చదివాను. మౌసుతో హద్దులు గీయడం, ఎక్కడ ఏం కనిపిస్తే అలారం రావాలో చెప్పడం వచ్చేసింది. మేనేజరు గారు నన్నే కెమెరా గదిలో కూర్చోబెట్టారు.

యార్డులో అన్నిటికన్నా ప్రమాదమైన చోటు వెనక మూల. లారీలు రివర్సులో అక్కడికి వచ్చేవి. అంతకుముందు ప్రతి లారీ వెనకా ఒక మనిషి నిలబడి, బాడీ మీద అరచేత్తో కొడుతూ "రానీ, రానీ" అని అరిచేవాడు. కెమెరా వచ్చాక ఆ మూల చుట్టూ హద్దు గీశాం. లారీ వెనక్కి వస్తున్నప్పుడు హద్దులో మనిషి కనబడితే సైరన్ మోగుతుంది, డ్రైవరు ఆగుతాడు. కొన్నాళ్ళు చూసి మేనేజరు గారు ఆ కేకలేసే మనుషుల్ని తీసేశారు. అప్పటినుంచి డ్రైవర్లకి ఒకటే గుర్తు. సైరన్ మోగలేదంటే వెనక ఎవరూ లేనట్టే.

ఇక అప్పన్న. బొగ్గు లారీల మీద టార్పాలిన్లు కప్పి తాళ్ళు బిగించేవాడు. విజయనగరం వైపు పల్లెలో కాస్త మెట్ట పొలం ఉండేది. అది తిండికి చాలక భార్య పైడమ్మతో కలిసి వచ్చి కంచరపాలెంలో రైలుపట్టాల పక్క ఒక గదిలో ఉండేవాడు. యార్డులో మగవాళ్ళందరూ అతనికి బావలే. ఒకసారి నేను మాటల్లో చెప్పాను: మిషన్‌కి ముఖాలు తెలియవు, ఒకే మనిషి హద్దులోకి పదిసార్లు వెళ్ళొస్తే పదిమంది అని వేసుకుంటుంది అని. ఆ మాట అతనికి ఎంత నచ్చిందో. రోజూ ఇంటికి వెళ్ళేముందు నా గది కిటికీలోంచి తల పెట్టేవాడు.

"ఇయ్యాల నానెంతమందిని బావా?"

నేను తెర మీద అతను కనిపించినప్పుడల్లా, పాత అలవాటు కొద్దీ, చిత్తుకాగితం మీద గీత పెట్టేవాణ్ణి. "పద్నాలుగు."

"పద్నాలుగు మందికి ఒక్కడి కూలే ఇత్తన్నారేటి! మీ మిషన్‌కున్న నాయం మీ మేనేజర్‌కి నేదు. సెప్పు ఆ బాబుకి."

ఆ అంకె పైడమ్మకి కూడా చెప్పేవాడట. ఇంతమంది ఒచ్చేం, అన్నం చాలుతాదేటే, అని.

ఆ ఏడు దసరాకి ఎప్పటిలాగే ఆయుధపూజ చేశారు. కాటాకి, లోడర్లకి, పారలకి, లారీల ముందరి అద్దాలకి బొట్లు. చక్రాల కింద నిమ్మకాయలు. నా కంప్యూటర్‌కి నేనే పెట్టుకున్నాను. అప్పుడు వెనక మూల స్తంభం మీది కెమెరా గుర్తొచ్చింది. ఇంతమందిని కనిపెట్టి చూసేదానికి బొట్టు లేకపోతే ఎలా అనిపించింది. నిచ్చెన వేసుకుని ఎక్కాను. కింద అప్పన్న పట్టుకున్నాడు. కెమెరా ఒంటినిండా బొగ్గు మసి. పసుపు అంటలేదు, కుంకుమ నిలవలేదు. ముందున్న అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచి, దాని మూల మీద పెట్టాను.

"ఎవులైనా కంట్లో బొట్టెడతారేటి బావా?" కింద నుంచి అప్పన్న అరిచాడు. "అమ్మోరి కంట్లో కుంకం ఏత్తే ఊరుకుంటాదేటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు కొంచెం కోపం వచ్చింది. "మూలకే పెట్టాను, ఏం కాదు. నువ్వు నిచ్చెన సరిగ్గా పట్టుకో" అన్నాను.

అది అద్దం కాదు. ప్లాస్టిక్. పసుపు దాన్ని పట్టేసుకుంది. తరవాతి రోజుల్లో మంచుకి కుంకుమ కిందికి కారి, ఎండకి ఎండింది. తెర మీద ఒక పక్కన ఎర్రటి మసక. పగలు పరవాలేదు. సాయంత్రం యార్డు దీపాలు వేసి, లారీల లైట్లు తిరగడం మొదలవగానే ఆ మసక వెలిగి ఆరేది, వెలిగి ఆరేది. మిషన్ దాన్ని మనిషి అనుకుని ఎర్ర చట్రం వేసేది. సైరన్. లారీ ఆగిపోయేది. వెనక ఎవరూ లేరు. మళ్ళీ సైరన్. డ్రైవర్లు తిట్టుకున్నారు. మేనేజరు గారు గదిలోకి వచ్చి, "ఏంటయ్యా ఈ గోల, నీకు వచ్చనే కదా నిన్ను కూర్చోబెట్టింది?" అన్నారు.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. బొట్టు నేనే పెట్టానండి, పై కవరు మార్చాలి అని. ఏమయ్యేది? నాలుగు తిట్లు తినేవాణ్ణి. కానీ నా గీతల్లో తప్పు రాదు కదా. పుస్తకం చూసి మిషన్ నేర్చుకున్నవాణ్ణి కదా. అలాంటివాడు కెమెరా కంట్లో పసుపు పూశాడని యార్డంతా నవ్వుకుంటుంటే ఎలా కూర్చోను? తడిగుడ్డ తీసుకుని ఎవరూ చూడకుండా ఎక్కి రుద్దాను. గుడ్డకున్న బొగ్గు రజనుతో ప్లాస్టిక్ మీద గీతలు పడ్డాయి. మసక ఇంకా పెద్దదైంది.

ఇంజినీరు ఉన్నప్పుడు ఒక సంగతి చూపించాడు. గేటు మీద జెండా ఊగినప్పుడల్లా అలారం వస్తుంటే, ఆ జెండా చుట్టూ తెర మీద చుక్కలు పెట్టి కలిపాడు. ఇక ఆ గీత లోపల ఏం కదిలినా మిషన్ పట్టించుకోదు. బొమ్మ మనకి కనిపిస్తూనే ఉంటుంది. దానికి మాత్రం అది లేనట్టే. అదే పని నేను చేశాను. మసక పడిన మేర, అంటే వెనక మూలలో దాదాపు సగం, నాలుగు చుక్కలు పెట్టి కలిపేశాను. ఇక్కడ చూడకు అని మిషన్‌కి చెప్పాను. సైరన్ ఆగిపోయింది.

"భలే సెట్ చేశావయ్యా" అన్నారు మేనేజరు గారు. నేను నవ్వాను. అవును, నవ్వాను.

ఇంజినీరు మళ్ళీ వచ్చినప్పుడు కవరు మార్పిద్దాం అనుకున్నాను. అతను వారం వారం వాయిదా వేశాడు. ఈలోగా నేను ఊరికే కూర్చోలేదు, లెక్క వేసుకున్నాను. ఆ సగం మేరలోకి సాయంత్రంపూట వచ్చే లారీలు ఎన్ని, అదే సమయానికి మనిషి అక్కడ ఉండే అవకాశం ఎంత అని. చాలా తక్కువని తేలింది. ఈ లెక్క చూపించి నన్ను నేను ఒప్పించుకున్నాను. ఆ లెక్కలో తప్పు లేదు, ఇప్పటికీ లేదు. కానీ అది వేసే హక్కు నాకు ఎవరిచ్చారు? నా కాలు మీద వేసుకున్నానా ఆ లెక్క?

దీపావళి దాటాక ఒక సాయంత్రం. లారీ మీంచి జారిపడ్డ తాడు తీసుకోవడానికి అప్పన్న వెనక మూలలోకి వెళ్ళాడు. ఇంకో లారీ రివర్సులో వచ్చింది. సైరన్ మోగలేదు కాబట్టి డ్రైవరు ఆగలేదు.

నేను తెర చూడటం లేదు. వెనక్కి తిరిగి షిఫ్టు కాగితం అచ్చు వేసుకుంటున్నాను. చూడటం మిషన్ పని కదా.

అరుపులు విని బయటికి పరిగెత్తేసరికి నలుగురు అతన్ని టార్పాలిన్ మీద వేసి గేటు బయటికి మోసుకుపోయారు. అక్కడ ఆటో కోసం రోడ్డు మీదే పడుకోబెట్టారు. రక్తమంతా అక్కడే మడుగు కట్టింది. ఆసుపత్రిలో కాలు తీసేశారు.

ఆ మడుగునే మా పైవాళ్ళు పట్టుకున్నారు. ప్రమాదం గేటు బయట జరిగింది, ఏదో దారినపోయే లారీ, యార్డుకి సంబంధం లేదు, పరిహారం ఇచ్చే పని లేదు. లారీ డ్రైవరు తనకేం తెలియదన్నాడు. అప్పన్నతో పనిచేసేవాళ్ళు లోపలే జరిగిందని చెప్పారు. విచారణకి వచ్చిన ఇన్సూరెన్సు ఆయన చిరాకుపడ్డాడు. వాళ్ళు వాళ్ళ మనిషి కోసం చెబుతారు, మిషన్‌కి ఏం చుట్టరికం ఉంది, దాన్ని అడగండి అన్నాడు. మేనేజరు గారు నా వైపు చూశారు. కాగితం ఇచ్చాను. వెనక మూల. సాయంత్రం షిఫ్టు. ప్రమాదం జరిగిన ఆ గంటలో మనుషులు: సున్నా. వీడియో ఉందా అని అడిగాడు. డిస్కు నిండిపోతుందని, అలారం వస్తేనే రికార్డు అయ్యేలా పెట్టుకున్నాం. అలారం రాలేదు, వీడియో లేదు.

"మిషన్‌లో ఏదైనా లోపం ఉందా?"

"లేదండి."

మాట వరకు చూస్తే అది నిజమే. లోపం మిషన్‌లో లేదు. అది చూడవద్దన్న చోట చూడలేదు, అంతే. ఆ నిజాన్ని ఎంత జాగ్రత్తగా ఎంచుకుని చెప్పానో నాకు తెలుసు. కాగితం కింద సంతకం చేశాను. మర్నాడు ఇంజినీరు పరీక్షకి వస్తున్నాడని తెలిసి, అతను రాకముందే ఆ నాలుగు చుక్కలూ చెరిపేశాను. కవరు బొగ్గు రజనుకి గీసుకుపోయిందని చెప్పాను. అతను కొత్తది బిగించి వెళ్ళాడు. మిషన్ బాగుందని రాసిచ్చాడు. అప్పటికి బాగానే ఉంది.

ఇక్కడితో ఆగితే మీరు నన్ను పిరికివాడు అనుకుని వదిలేయొచ్చు. ఇంతవరకు చెప్పడం కష్టమే అయింది కానీ, నేను దాచింది ఇది మాత్రమే కాదు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అప్పన్న యార్డు గేటు దగ్గరికి వచ్చాడు. చంకల్లో కర్రలు. లోపలికి రానివ్వలేదు. నన్ను పిలవమన్నాడట, వెళ్ళాను. నన్ను చూసి నవ్వాడు.

"గోదారోల్లకి కుర్చీ దొరికితే దిగరని మావోల్లు అంతంటే నమ్మలేదు బావా. దిగొచ్చేవు."

"ఎలా ఉన్నావు అప్పన్నా?"

"సూత్తన్నావ్ కదా. కొంచెం తగ్గేను." కర్ర మీద బరువు మార్చుకున్నాడు. "కోరట్లు అవీ మనవల్ల కాదులే. ఊరెల్లిపోతన్నాం. ఎల్లేముందు నిన్నొక మాట అడుగుదామని ఒచ్చేను. ఆ రోజు నానెంతమందిని బావా?"

ఎండ. పక్కనుంచి లారీలు. నేను నా చెప్పుల వంక చూశాను.

"సున్నా వచ్చింది."

"సున్నా ఏటి బావా? ఒకనాడు పద్నాలుగన్నావ్, ఒకనాడు పందొమ్మిదన్నావ్. కాలు పోయిన్నాడు ఒక్కడ్ని కూడా కానేటి?"

"మిషన్ అదే చూపించింది అప్పన్నా."

అప్పన్న గొంతు తగ్గించాడు. ఎవరూ వినకూడని మాట అన్నట్టు దగ్గరికి జరిగాడు.

"మరేటంటే, దసరాకి నువ్వు బొట్టెడతంటే నాను ఏళాకోళమాడేను కదా. కంట్లో ఎడతారేటని. అమ్మోరికి కోపమొచ్చింది గావాల. అందుకే ఆ యేళకి నన్ను సూడ్డం మానేసింది. పైడమ్మ అదే అంతంది. రోజూ ఏడుత్తంది. నువ్వు సదూకున్నోడివి. నువ్వేటంటావ్?"

ఒక్క మాట చాలు. కాదు అంటే చాలు. చుక్కల సంగతి చెప్పకపోయినా సరే, నీ తప్పేం లేదు అప్పన్నా అంటే చాలు. దానికి నా ఉద్యోగం పోదు, నా పరువు పోదు. ఏ నష్టమూ లేని మాట అది. కానీ ఆ కారణం అతనికి సరిపోయింది. సరిపోతే ఇంకోటి వెతకడు. ఇంత లెక్కా నేను ఆ గేటు దగ్గర నిలబడి వేశాను. చాలా తొందరగా వేశాను.

"అయ్యుండొచ్చు" అన్నాను.

తల ఊపాడు. నా మీద కోపం లేదన్నట్టు భుజం తట్టాడు. కర్రలు టకటకలాడించుకుంటూ బస్టాపు వైపు వెళ్ళిపోయాడు. నేను గదిలోకి వచ్చి తెర మీద అతన్ని చూశాను. గేటు కెమెరాలో, ఎర్ర చట్రంలో. మిషన్ అతన్ని ఒకటి అని వేసుకుంది. కర్రలతో నడిచేవాణ్ణి మనిషే అని పోల్చుకుంది. నేను పోల్చుకోలేదు.

తరవాత ఏళ్ళు గడిచాయి. మా యార్డుని చూసి పక్క యార్డులవాళ్ళు అలాంటి కెమెరాలే పెట్టించుకున్నారు. హద్దులు గీయడానికి నన్నే పిలిచారు. "రానీ, రానీ" కేకలు అక్కడా పోయాయి. ఎక్కడ గీసినా మళ్ళీ చుక్కలు మాత్రం పెట్టలేదు. దాన్ని మంచితనం కింద వేసుకోవాలని చాలాసార్లు అనిపించింది. వేసుకోలేదు.

ఈమధ్య దువ్వాడ స్టేషన్లో పైడమ్మ కనిపించింది. నన్ను గుర్తుపట్టింది. అప్పన్న జ్వరం వచ్చి పోయాడని చెప్పింది. పోయేవరకు ఏటేటా దసరాకి అమ్మవారి గుడికి కర్రల మీద వెళ్ళి, గడప బయటే కూర్చుని, తప్పయిపోనాది తల్లీ అని చెంపలు వేసుకునేవాడట. లోపలికి వెళ్ళేవాడు కాదట.

"ఇప్పుడు ఆ మొక్కు నానే తీరుత్తన్నాను బావ్‌గోరూ. తల్లి మొకం సూడ్డానికి బయమేత్తాది. నా పెనిమిటి నోటి దురుసు. తల్లి సమించే వరకు ఏటి సేత్తాం."

ఏం చెప్పానని అడగకండి. రైలు వచ్చింది. ఆమె ఎక్కింది. సంచి అందించాను.

అందుకే ఇది రాస్తున్నాను. రాస్తే చెల్లిపోతుందని కాదు. పైడమ్మకి చదువు రాదు. ఇది ఆమె దాకా వెళ్ళదు, ఆ సంగతి తెలిసే రాస్తున్నానని కూడా నాకు తెలుసు. చెప్పాలంటే ఆమె ముందు నిలబడి చెప్పాలి. ఇంకా నిలబడలేదు. మీరు నన్ను క్షమించవద్దు. నన్ను క్షమించడం మీ చేతిలో లేదు. అయినా, ఇన్నేళ్ళకి ఈ మాటలు నా లోపలి నుంచి బయట పడ్డాయి, ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకుమించి ఏమీ ఆశించడం లేదు.

నేను సంతకం పెట్టిన కాగితం దిద్దే దారి లేదు. ఇక్కడ దిద్దుతాను. వెనక మూల. సాయంత్రం షిఫ్టు. మనుషులు: సున్నా కాదు. అప్పన్న గేటు దగ్గర నన్ను అడిగింది ఒక అంకె. అది నా దగ్గరే ఉంది. ఇవ్వలేదు. ఈ రోజుకీ ఇవ్వలేదు.

ఒకటి.